ప్రొఫెసర్ గారి చేతులు

గిలేన్ చేతులు పెద్దవి. పదకొండో ఏట నుంచీ నాన్న పశువుల కొట్టంలో తెల్లారకముందే లేచి పాలు పితికిన చేతులు. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానిపించాక వాటికి పుస్తకం పట్టుకునే పని కూడా లేకుండా పోయింది. పెళ్ళినాడు ఉంగరం వేలికి ఎక్కకపోతే పెళ్ళికొడుకు నోర్మన్ సబ్బు కోసం ఫాదర్ గారి వంటింటికి పరిగెత్తాడు. ఆ సంగతి ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. గిలేన్ కూడా నవ్వుతుంది, చేతులు జేబుల్లో పెట్టుకుని.

సినిమా వాళ్ళకి ఆ చేతులే కావాల్సి వచ్చాయి.

అది ఎనభై అయిదో సంవత్సరం, అక్టోబరు నెల. మోంట్రియాల్ నుంచి ముప్పై మంది దిగి, సరస్సు ఒడ్డున ఒక డాక్టరు గారి వేసవి ఇంటిని అద్దెకు తీసుకుని సినిమా తీస్తున్నారు. తత్వశాస్త్రం చెప్పే ఒక ప్రొఫెసరు, అతన్ని వదిలేసిన పెళ్ళాం, ఆవిడ కొత్త మొగుడు, ముగ్గురూ మంచు తుఫానులో ఒక ఇంట్లో ఇరుక్కుపోయి, తెల్లవార్లూ పడక సంగతులు మాట్లాడుకుంటారట. కథంతా అంతే. ఊళ్ళో మొదట పెద్ద గగ్గోలు లేచింది. తర్వాత అందులో బట్టలు విప్పడాలేం లేవు, ఉత్త మాటలేనని తెలిసి చప్పబడిపోయింది. "మాటలకి సినిమా దేనికి? టెలిఫోను చాలదూ?" అంది బేకరీ యజమానురాలు.

ఆ బేకరీలోనే గిలేన్ పని. సినిమాలో ప్రొఫెసరు తన చేత్తో వండి పెట్టే తూర్తియేర్ల కోసం, అంటే మాంసం కూరి పైన పిండి మూత వేసి కాల్చే వంటకం కోసం, ఆ బేకరీకే కబురొచ్చింది. గిలేన్ పద్నాలుగు చేసి పంపింది. అన్నిటికీ తన అమ్మమ్మ నేర్పిన అంచే పెట్టింది. మూతనీ అడుగునీ కలిపి, బొటనవేలితో లోపలికి నొక్కుతూ చూపుడువేలితో మెలితిప్పుతూ పోతే, కజ్జికాయ అంచులాగా తాడు పేనినట్టు వస్తుంది. ఆ చుట్టుపక్కల ఇంకెవరికీ రాదది.

సినిమా వాళ్ళు కథని తలకిందులుగా తీస్తారు. తినే సీను ముందు తీసేశారు. ఆ తూర్తియేర్లు, వాటి అంచులు, అన్నీ కెమెరాలో పడిపోయాయి. వండే సీను దగ్గరికొచ్చేసరికి చిక్కొచ్చింది. ప్రొఫెసరు వేషం వేసే దెరోజియేకి పిండి పట్టుకోవడం రాదు. చచ్చిన ఎలుకని తోక పట్టి ఎత్తినట్టు ఎత్తాడు. డైరెక్టరు వాయాంకూర్ జుట్టు పీక్కున్నాడు. అతని సినిమాకి ప్రాణమే అది. ఈ ప్రొఫెసరు కొత్త తరం మగవాడు, వంట చేస్తూ స్త్రీల గురించి మాట్లాడతాడు. అందుకని ముఖం మీంచి మొదలుపెట్టి చేతుల దాకా కెమెరా ఒక్క కోత లేకుండా దిగాలి.

"ఇవి చేసిందెవరు?" అని బేకరీకి వచ్చాడు వాయాంకూర్. గిలేన్ మణికట్టు పట్టుకుని, సంతలో గుర్రం డెక్క చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు. "దేవుడా, అచ్చం మగాడి చేతులు!"

"థాంక్సండీ," అంది గిలేన్. ఇంటికి నడిచి వెళ్తున్నంతసేపూ ఆ థాంక్స్ గుర్తొచ్చి ఒళ్ళు మండింది.

అయినా ఒప్పుకుంది. రెమీ కోసం ఒప్పుకుంది. వాడికి నాలుగు నెలలు. ఆమె బేకరీలో ఉన్నంతసేపూ అత్తగారు సీసా పడితే నోరు బిగించేస్తాడు. రొమ్ము తప్ప ఇంకేదీ ముట్టడు. నోర్మన్ అడవిలో కలప కొట్టే క్యాంపులో ఉంటాడు, శుక్రవారం కానీ ఇంటికి రాడు. పోయిన వారం ఆరోగ్య కేంద్రంలో నర్సు రెమీని తూకంలో పడుకోబెట్టి, ముల్లు చూసి, మళ్ళీ చూసి, పెన్ను పక్కన పెట్టింది. వచ్చే శుక్రవారానికి కనీసం నూటయాభై గ్రాములు పెరగకపోతే షెర్‌బ్రూక్ ఆసుపత్రిలో చేర్పించాలంది. ముక్కులోంచి గొట్టం వేస్తారంది. ఆ గొట్టం అన్న మాట విన్నప్పట్నుంచీ గిలేన్‌కి కన్ను మూతపడితే అదే కల.

"బిడ్డని వెంట తెచ్చుకోవచ్చా? ఏడ్చినప్పుడల్లా పాలివ్వొచ్చా?" అని అడిగింది వాయాంకూర్‌ని.

"భలేదానివే! మేం ఫాదరీలమా ఏమిటి? ఎప్పుడు కావాలంటే అప్పుడు, ఎక్కడ కావాలంటే అక్కడ!"

ఆ మాట పట్టుకునే వచ్చింది.

సోమవారం పొద్దున బట్టల గదిలో యుగెత్ ఆమె చేతులకి వెంట్రుకలు అంటించింది. యుగెత్‌కి అరవై దగ్గర పడుతున్నాయి. నలభై ఏళ్ళుగా నటుల గుండీలు కుడుతున్న మనిషి, నోట్లో ఎప్పుడూ నాలుగు గుండుసూదులుంటాయి. పాత విగ్గులోంచి కత్తిరించిన ముక్కలు జిగురు పూసి మణికట్టు నుంచి వేళ్ళ కణుపుల దాకా అద్దింది.

"కదలకు పిల్లా. ప్రొఫెసరు గారికి చెయ్యి వస్తోంది," అంది సూదుల సందుల్లోంచి.

"సాయంత్రం ఊడుతాయా ఇవి?"

"ఊడుతాయి. నీ చర్మంతో సహా."

తర్వాత దెరోజియే వచ్చి నిలబడ్డాడు. అతని చొక్కా చేతులు భుజం దగ్గర విప్పి, గిలేన్‌ని అతని వెనక నిలబెట్టి, ఆమె చేతుల్ని అతని చంకల కిందుగా ముందుకి తీసి ఆ చొక్కా చేతుల్లో దూర్చారు. అతని చేతులు చొక్కా లోపల ఒంటికి కట్టేశారు. ఆమె ముఖం అతని వీపుకి ఆనుకుంది. ఏమీ కనబడదు. పిండి ఎక్కడుందో, అప్పడాల కర్ర ఎక్కడుందో తడుముకుంటూ చెయ్యాలి. గిలేన్‌కి అది కష్టం కాలేదు, అంచు మెలి ఆమె కళ్ళతో చూసి పెట్టేది కాదు.

"గిలేన్ గారూ," అన్నాడు దెరోజియే మెల్లిగా, మొదటి షాట్‌కి ముందు.

"ఆఁ?"

"ముక్కు దురదండీ."

వెంట్రుకల చెయ్యి పిండితో సహా పైకి లేచి, తడుముకుని, అతని ముక్కు గోకింది. అందరూ పగలబడి నవ్వారు. గిలేన్ కూడా నవ్వింది. బాగానే ఉంటారు వీళ్ళు, అనుకుంది.

మధ్యాహ్నం రెమీ ఏడిస్తే వంటింటి మూలన కూర్చుని పాలిచ్చింది. శాలువా కప్పుకునే కూర్చుంది. జిగురు వాసనకి వాడు రెండుసార్లు మొహం తిప్పుకున్నాడు గానీ చివరికి తాగాడు. ఆ సాయంత్రం సినిమా నిర్మాణం చూసుకునే మనిషి ఆమెని పక్కకి పిలిచి, చాలా మర్యాదగా, నేల చూస్తూ అన్నాడు:

"ఏమీ అనుకోకమ్మా. లైట్ల వాళ్ళు కాస్త ఇబ్బంది పడుతున్నారు. ఒడ్డున పడవల షెడ్డుంది. అక్కడైతే నీకూ ప్రశాంతంగా ఉంటుంది."

"డైరెక్టరు గారు ఎక్కడైనా ఇవ్వొచ్చన్నారు కదండీ."

"అన్నారు. ఆయనే చెప్పమన్నారు."

పెద్ద చదువులవాళ్ళ ముందు ఆమె నోరు ఎప్పుడూ ఒక మాట వెనకే ఉంటుంది. ఇంటికొచ్చాక వస్తాయి మాటలన్నీ, గిన్నెలు తోముకుంటూ ఉండగా.

మంగళవారం షెడ్డులో ఇచ్చింది. తిరగేసిన పడవ మీద కూర్చుని, పలకల సందుల్లోంచి సరస్సు మీది గాలి కొడుతుంటే. రెమీ రెండు గుక్కలు తాగి, చలికి పట్టు వదిలేసి, ఏడ్చి, మళ్ళీ పట్టి, మళ్ళీ వదిలేశాడు. వాడి ముక్కు కొస నీలంగా అయింది. ఆమె వాడి పాదాలు తన చంకలో పెట్టుకుని లెక్క వేసుకుంది. పొద్దున రెండు గుక్కలు, ఇప్పుడు నాలుగు. శుక్రవారానికి ఇంకా మూడు రోజులు.

బుధవారం పిల్లాణ్ణి యుగెత్ బట్టల గదిలో, కోట్ల గుట్ట మీద పడుకోబెట్టారు. వాయాంకూర్‌కి ఆ రోజే ఆఖరు అవకాశం. సీను తుఫాను మొదలవక ముందుది, ఎండ కావాలి. కిటికీలోంచి ఎండ మూడింటి దాకానే బల్ల మీద ఉంటుంది, గురువారం నుంచి వర్షమని రేడియోలో చెప్పారు. ముందు రోజు చేతులకీ చొక్కాకీ మధ్య సందు కనబడిందట. కాబట్టి ఈసారి యుగెత్ గిలేన్‌ని చొక్కాలోకి కుట్టేసింది. భుజాల చుట్టూ, వీపు మీదుగా, చిన్న చిన్న కుట్లు. చొక్కా ఒకటే ఉంది. రెండోది పోయిన వారం ద్రాక్షసారా పడి పాడైపోయింది.

"ఎంతసేపు ఉండాలి ఇలా?" అంది గిలేన్ అతని వీపులోకి.

"షాట్ బాగా వచ్చేదాకా," అంది యుగెత్ దారం కొరుకుతూ.

"యాక్షన్!"

దెరోజియే గొంతు అతని వెన్నెముకలోంచి గిలేన్ చెంపలోకి గుడగుడమంటూ దిగింది. ప్రొఫెసరు తన మాజీ పెళ్ళాం కొత్త మొగుడితో అంటున్నాడు:

"బిడ్డని కన్న ఆడది, మిత్రమా, సీజను అయిపోయిన హోటలు. బోర్డు అలాగే వేలాడుతూ ఉంటుంది. లోపల కుర్చీలన్నీ బల్లల మీదికి ఎక్కించేసి ఉంటాయి. తలుపు తట్టు, తట్టు... ఎవరూ రారు."

గిలేన్ చేతులు పిండి మీద కర్ర నడిపాయి. మొదటిసారి విన్నప్పుడు ఆమెకీ నవ్వొచ్చింది. మాట బాగా కుదిరిందనే అనుకుంది. మూడోసారి రాలేదు. ఆరోసారికి చెవులు మూసుకోవాలనిపించింది, చేతులు మాత్రం తనవి కావు. అమ్మ గుర్తొచ్చింది. అమ్మకి తొమ్మిది మంది. ఒక ఏడాది పిల్లలు లేకుండా గడిస్తే చర్చిలో పాపాలు చెప్పుకునే చోట జాలీ అవతల నుంచి ఫాదరు అడిగేవాడట, "ఏమ్మా, ఈ ఏడు ఇంకా ఏం లేదా? మొగుణ్ణి దూరం పెడుతున్నావా?" అని. అమ్మ ఆ మాట చెప్పినప్పుడు ఇప్పటికీ మొహం పక్కకి తిప్పుకుంటుంది. ఆ కాలం పోయిందన్నారు అందరూ. పోలేదు. అప్పుడు చీకట్లో కూర్చుని ఒకడు అడిగేవాడు, ఇప్పుడు లైట్లు వేసుకుని ముప్పై మంది అడుగుతున్నారు, అంతే తేడా. తలుపు తియ్యవేం, తలుపు తియ్యవేం అని అదే గోల. లోపల ఆ మనిషి ఏం చేస్తోందని అప్పుడూ ఎవరూ అడగలేదు, ఇప్పుడూ అడగడం లేదు.

"కట్! చాలా బాగుంది. ఎలియాన్, హోటలు అన్న మాట ముందు ఒక్క క్షణం ఆగితే?"

ఎలియాన్ ఆ మాటలన్నీ రాసిన ప్రొఫెసరమ్మ. విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతుంది, సన్నగా పొడుగ్గా ఉంటుంది, సిగరెట్టు వెలిగించడం మరిచిపోయి చేత్తో పట్టుకు తిరుగుతుంది. "ఆగు. నవ్వు అక్కడే వస్తుంది," అంది.

ఏడోసారి మొదలుపెట్టబోతుంటే పైనుంచి రెమీ ఏడుపు వినిపించింది.

మొదట సన్నగా. తర్వాత ఆకలి ఏడుపు, ఊపిరి బిగబట్టి ఒక్కసారి వదిలేది. గిలేన్ రొమ్ముల్లో సూదులు గుచ్చినట్టయింది. ఆ వెంటనే పాలు జారి జాకెట్టు తడిసి, ఆ తడి దెరోజియే వీపుకి అంటుకుంది.

"గిలేన్ గారూ, మీకేమన్నా..." అన్నాడతను.

"విప్పండి," అంది గిలేన్. "యుగెత్ గారూ, కుట్లు విప్పండి. పాలివ్వాలి."

"పది నిమిషాలు, తల్లీ," అన్నాడు వాయాంకూర్. "రెండే రెండు షాట్లు. విప్పితే మళ్ళీ కుట్టడానికి గంట పడుతుంది, ఎండ పోతుంది."

"పొద్దున వాడు సరిగా తాగలేదండీ."

"ఏడుపు రికార్డులో పడుతోంది," అన్నాడు చెవుల మీద డబ్బాలు పెట్టుకున్న శబ్దం మనిషి.

యుగెత్ మెట్లెక్కి వెళ్ళి రెమీని ఎత్తుకొచ్చింది. ఆమె ఊపింది, జోకొట్టింది, నాలుకతో చప్పుళ్ళు చేసింది. వాడు ఎర్రగా కందిపోయి ఇంకా గట్టిగా ఏడ్చాడు.

"కనీసం ఇలాగే ఇవ్వొచ్చు కదా, ఇక్కడే?" అన్నాడు వాయాంకూర్. "వెనకనుంచి ఎవరైనా పిల్లాణ్ణి పట్టుకుంటే..."

"ఇక్కడా?" అన్నాడు నిర్మాణం చూసుకునే మనిషి. "మనం షెడ్డు అన్నాం కదా."

ఎలియాన్ చెయ్యెత్తింది. "ఆగండాగండి. నాకు మొదట్నుంచీ ఆ షెడ్డు సంగతి నచ్చలేదు. మనం ఇక్కడ నెల రోజులుగా శరీరం గురించి మాట్లాడుతున్నాం. ఒక నిజమైన శరీరం వస్తే షెడ్డులోకి తోశాం. ఇది మళ్ళీ కన్యాస్త్రీల మఠం పద్ధతే కదా?"

"అది కాదు ఎలియాన్," అన్నాడు వాయాంకూర్. "ఆవిడ ఏకాంతాన్ని గౌరవిస్తున్నాం మనం."

"ఏకాంతం ఆవిడ అడిగిందా, మనం ఇచ్చామా? ప్రశ్న అదీ."

"చూడబడటం అనేది కూడా ఒక హింసే. నువ్వే రాశావుగా మూడో సీనులో!"

"మూడో సీనులో అన్నది ఒక పాత్ర. దానికి నేను బాధ్యురాలినా?"

"రచయిత బాధ్యత గురించి ఇప్పుడు మాట్లాడదామంటావా?"

"మాట్లాడదాం! ఎందుకు మాట్లాడకూడదు?"

కెమెరా మనిషి కూడా ఒక మాట కలిపాడు. స్వీడన్‌లో ఎలా ఉంటుందో చెప్పాడు. దెరోజియే మధ్యలో, "ఏదో ఒకటి తేల్చండి బాబూ, నాకు ముక్కు దురద," అన్నాడు. ఈసారి అతని ముక్కు ఎవరూ గోకలేదు.

గిలేన్ ఆ వీపుకి అంటుకుని నిలబడి వింటోంది. ఒక్కొక్క మాటా ఇంగువలాగా ఘాటుగా ఉంది, ఒక్కటీ కడుపు నింపేది కాదు. ఎండ బల్ల మీద ఒక జానెడు జరిగింది. రెమీ ఏడుపు మారింది. గొంతు బొంగురుపోయి, మధ్యలో ఆగి, వెక్కిళ్ళు పెట్టాడు. అలసిపోతున్నాడు. అలసిపోతే తాగకుండానే నిద్రపోతాడు. నిద్రపోతే ఈ పూటా పోయినట్టే. తూకం ముల్లు కళ్ళ ముందు కనబడింది, కదలకుండా.

"నాకోసం మీరు కొట్టుకోవద్దండీ," అంది గిలేన్. ఎవరూ వినలేదు. ఆమె మాట దెరోజియే వీపు దగ్గరే ఆగిపోయింది.

అప్పుడు చిన్నప్పట్నుంచీ ఎన్నడూ నోట రానివ్వని మాట వచ్చింది. ఆ ఊరి మగవాళ్ళు ట్రాక్టరు బురదలో కూరుకుపోయినప్పుడు చర్చిలోని పవిత్ర వస్తువుల పేర్లన్నీ వరసపెట్టి బూతుల్లా వాడి తిట్టుకుంటారు. గిలేన్ దివ్యమందసంతో మొదలుపెట్టి, పాత్ర, అప్పం, కొవ్వొత్తి పీట దాకా ఒక్క ఊపిరిలో తిట్టేసి, మోచేతులు రెండూ వెనక్కి లాగింది.

పర్రున చిరిగింది చొక్కా. భుజాల దగ్గర్నుంచి వీపు కింద దాకా.

దెరోజియే ఒక్కసారిగా అర్ధనగ్నంగా, చేతులు కట్టేసి ఉండగానే, బల్ల మీదికి తూలి పిండిలో మొహం పెట్టాడు. గిలేన్ మోచేతుల దాకా ప్రొఫెసరు చొక్కా చేతులతో, వేళ్ళకి పిండితో, వెంట్రుకలతో వెళ్ళి యుగెత్ దగ్గర బిడ్డని తీసుకుంది.

నిర్మాణం చూసుకునే మనిషి తలుపు వైపు చూపించబోయాడు. ఆమె షెడ్డుకి వెళ్ళలేదు. పొయ్యి వెలిగించి ఉన్న చోటు ఆ ఇంట్లో అదొక్కటే. బల్ల దగ్గర నేల మీద సుద్దతో గుర్తులు పెట్టి ఉంచిన కుర్చీని కాలితో లాగింది.

"ఆ కుర్చీ కదపకూడదు!" అని అరిచారెవరో.

కుర్చీ గీరుకుంటూ పొయ్యి పక్కకి వెళ్ళింది. గిలేన్ కూర్చుంది. యుగెత్ నూనె గుడ్డ తెచ్చి ఆమె వేళ్ళ మీది జిగురు రుద్దింది, వెంట్రుకలు కొన్ని ఊడాయి, కొన్ని లేదు. రెమీ రెండుసార్లు తల తిప్పి, వెతుక్కుని, పట్టాడు. మొదటి గుక్కలు ఆత్రంగా, తర్వాత లోతుగా.

"మొత్తం పోయింది," అన్నాడు వాయాంకూర్, చిరిగిన గుడ్డ ఎత్తి చూస్తూ. "మూడు రోజుల పని! అమ్మాయ్, నువ్వేం చేశావో తెలుసా నీకు?"

"తెలుసండీ. బిడ్డకి పాలిస్తున్నా."

"పది నిమిషాలు ఆగమన్నాను!"

"అవి నలభై అయ్యాయి. గడియారం నాకు కనబడలేదు గానీ రొమ్ముకి తెలుస్తుంది." మొహంలోకి రక్తం వచ్చేసింది ఆమెకి, అయినా ఆగలేదు. ఇంటికెళ్ళి గిన్నెల ముందు చెప్పుకునే మాటలు ఇవాళ ఇక్కడే వస్తున్నాయి. "ఇంకోటండీ. ఆ హోటలు మాట ఉందే. సీజను అయిపోయిందన్నారు. మా ఇంట్లో హోటలు ఒక్క పూట మూత పడలేదు. రాత్రి రెండింటికి తెరుస్తాం, నాలుగింటికి తెరుస్తాం. ఆదివారాలు కూడా ఉంటుంది. కస్టమరుకి నాలుగు నెలలు. తలుపు తడుతున్న మొగుడికి అంత బెంగగా ఉంటే లోపలికొచ్చి నాలుగు కుర్చీలు దించమనండి. మా ఆయన దించుతాడు. చదువు లేదు ఆయనకి."

లైట్ల వాళ్ళలో ఒకడు కిసుక్కున నవ్వి ఆపుకున్నాడు. ఎలియాన్ వెలిగించని సిగరెట్టు నోట్లోంచి తీసి, ఏదో అడగబోయి, మళ్ళీ నోట్లో పెట్టుకుంది.

"సరే," అన్నాడు వాయాంకూర్, గొంతు మార్చి. "వర్షమైతే వర్షం. రేపు మోంట్రియాల్ నుంచి వేరే చేతులు తెప్పిస్తాం."

"తెప్పించండి. అంచు మెలి వచ్చిన చేతులు తెప్పించండి."

ఒక షాట్‌కీ ఇంకో షాట్‌కీ పోలిక తప్పకుండా చూసుకునే అమ్మాయి తన ఫైల్లోంచి ఫొటో తీసి అతని ముందు పెట్టింది. పోయిన వారం తీసిన భోజనం బల్ల. మధ్యలో తూర్తియేర్, చుట్టూ తాడు పేనినట్టు అంచు. వాయాంకూర్ దాన్ని చూసి యుగెత్ వైపు తిరిగాడు.

"అరగంటలో చొక్కాకి అతుకు వేస్తే? యుగెత్?"

"వేస్తాను," అంది యుగెత్. "వెనకవైపు కనబడదు కాబట్టి వేస్తాను. ఆ పిల్లని మాత్రం కుట్టను."

"నన్నెవరి చొక్కాలోనూ కుట్టొద్దు," అంది గిలేన్. "ఆయనకి రెండు చేతులున్నాయి కదా. కట్లు విప్పండి, నేర్పిస్తా. ఇక్కడే కూర్చుని నేర్పిస్తా."

దెరోజియే పిండి మొహంతో లేచాడు. కట్లు విప్పగానే ముందు తన ముక్కు తనే గోక్కున్నాడు, కళ్ళు మూసుకుని, హాయిగా. తర్వాత వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు. "చెప్పండి," అన్నాడు.

"మూత ఒక వేలు వెడల్పు బయటికి ఉండాలి. ఆఁ. బొటనవేలు లోపలికి. లోపలికి అంటే కింద కాదు, మీ వైపు. ఇప్పుడు చూపుడువేలు దాని మీంచి తిప్పండి. అలా నులమకండి, అది మీ మీసం కాదు."

అతను చేశాడు. తెగింది. మళ్ళీ చేశాడు. చెమటలు పోశాయి. అయిదో ప్రయత్నానికి నాలుగు మెలికలు వరసగా నిలిచాయి. చిన్నపిల్లాడిలా అందరివైపూ చూశాడు. యుగెత్ అతుకు వేసిన చొక్కా తొడిగింది. లైట్లు సర్దారు. ఎండ ఇంకా బల్ల కొసన కాస్త మిగిలింది.

"మాటలతో సహా చూద్దాం," అన్నాడు వాయాంకూర్.

"బిడ్డని కన్న ఆడది, మిత్రమా..." దెరోజియే వేలు నొక్కాడు, మెలి తిప్పాడు. "సీజను..." మెలి జారింది. నాలుక కొస బయటికొచ్చింది. "అయిపోయిన..." మళ్ళీ నొక్కాడు. చూపు పిండి మీంచి లేవలేదు. "క్షమించండి. ఇది చేస్తూ అది చెప్పడం కుదరట్లేదు. ఒకటి చేస్తే రెండోది పోతోంది."

"పనిచేసే చేతులకి అంత తీరిక ఉండదు లెండి," అంది యుగెత్ సూదుల మధ్యనుంచి.

ఎలియాన్ బల్ల దగ్గరికొచ్చి, కాగితాల్లో ఆ పేజీ చూసుకుని, పెన్సిల్ తీసింది. ఏం కొట్టేసిందో, ఏం రాసిందో గిలేన్‌కి కనబడలేదు. చూడాలని లేవనూ లేదు.

"మాటలు లేకుండా ఒక షాట్ తీద్దాం," అన్నాడు వాయాంకూర్, కిటికీ చూస్తూ. "అందరూ నిశ్శబ్దం. త్వరగా."

ముప్పై మందీ ఊపిరి బిగబట్టారు. కెమెరా తిరిగింది. రెండు క్షణాలకి శబ్దం మనిషి చెయ్యెత్తి, చెవుల డబ్బాలు ఒకవైపు తీసి, అయోమయంగా చుట్టూ చూశాడు.

"ఏదో చప్పుడండీ. పిల్లి గిన్నె నాకుతున్నట్టు."

అందరి చూపులూ పొయ్యి పక్కకి వెళ్ళాయి, వెళ్ళి అక్కడే ఆగాయి. నేల చూసిన వాడు ఒక్కడూ లేడు. రెమీ కళ్ళు మూసుకుని, చెవులు కదిలేలాగా తాగుతున్నాడు. వాడి ముక్కు కొస ఎర్రగా, వెచ్చగా ఉంది.

వాయాంకూర్ ఎండని చూశాడు, ఫొటోని చూశాడు, గిలేన్‌ని చూశాడు. "ఇంకా ఎంతసేపు?" అన్నాడు, మెల్లిగా.

గిలేన్ వాణ్ణి భుజాన వేసుకుని వీపు మీద తట్టింది. వాడు గదంతా వినబడేలా తేన్చాడు.

"ఈ వైపు అయింది. ఇంకో వైపుంది," అని, ఆమె శాలువా సర్దుకుని బిడ్డని అటు తిప్పుకుంది.

బల్ల మీద ఎండ కొసకి జారుతోంది. ముప్పై మందీ నిలబడ్డ చోటే నిలబడ్డారు. దెరోజియేకి ఊరికే ఉండబుద్ధి కాలేదు కాబోలు, మిగిలిన పిండి ముక్క తీసుకుని తనంతట తానే అంచు నొక్కడం మొదలుపెట్టాడు.

"బొటనవేలు లోపలికి," అంది గిలేన్, తలెత్తకుండానే.